మావాడికి వచ్చిన మినహాయింపు

పోయిన వారం ఆఫీసు నుంచి వస్తూ కింద లిఫ్టు కోసం నిలబడి ఉంటే, మా పై అంతస్తుల్లో ఉండే హైదరాబాదు ఆవిడ ఒక చేతిలో కూరల సంచి, ఇంకో చేతిలో ఫోను పట్టుకుని నా పక్కకి వచ్చింది. వాళ్ళ అమ్మాయికి యూనివర్సిటీ నుంచి ఉత్తరం వచ్చిందట. జూనియర్ కాలేజీలో అందరూ చదివే లెక్కల కన్నా ఒక మెట్టు పై లెక్కలు చదివి పాసయింది కాబట్టి ఇంజనీరింగు మొదటి ఏడాదిలో ఒక లెక్కల కోర్సు చదవక్కర్లేదట. మినహాయింపు వాడుకుంటారో వదులుకుంటారో రెండు వారాల్లో తేల్చి చెప్పమన్నారట. "మీ పిలగానికి గూడ గిట్లనే వచ్చింది గద అక్కా, మీరేం జేసిండ్రు?" అని అడిగింది. ఇంతలో లిఫ్టు వచ్చింది. మాది తొమ్మిదో అంతస్తు. రేపు తీరిగ్గా చెప్తానని దిగిపోయాను. నేనేదో దాస్తున్నాననుకుని ఉంటుంది పాపం. దాచడానికేమీ లేదు, తొమ్మిది అంతస్తుల్లో అయిపోయే సంగతి కాదు, అంతే. మా ఇంట్లో అది తేలడానికి కూడా రెండు వారాలే పట్టింది గానీ, ఆ రెండు వారాల్లో, అప్పటికి ఇరవై మూడేళ్ళుగా కాపురం చేస్తున్న మనిషి గురించి నాకు తెలియని విషయం ఒకటి బయటపడింది.

ఇది ఐదారేళ్ళ కిందటి మాట. మాకు కవలలు. అమ్మాయి ముందు పుట్టింది, తొమ్మిది నిమిషాల తర్వాత అబ్బాయి. ఇద్దరూ ఈ పరాయి దేశంలోనే పుట్టి, చోవా చూ కాంగ్‌ పేటలో ఈ ఫ్లాట్లోనే పెరిగారు. నేను ఊళ్ళో ఒక బ్యాంకులో కంప్యూటర్ల వైపు పని చేస్తాను. మా ఆయన తువాస్‌లో ఓడలు బాగుచేసే యార్డులో ఇంజనీరు. పొద్దున్నే కంపెనీ బస్సెక్కిపోతే చీకటి పడే వేళకి, చొక్కాకి తుప్పూ రంగూ కలిసిన ఒక వాసన పట్టించుకుని వస్తారు. ఆ వాసన ఏ సబ్బుకీ లొంగదు, నేను దానితో పోట్లాడటం మానేసి చాలా కాలమైంది. పిల్లల చదువులు మొదటి నుంచీ నా వంతే. "నువ్వయితే ఓపిగ్గా చెప్తావు, నాకు కోపం వచ్చేస్తుంది" అనేవారు ఆయన. ఆ మాటకి నేను పదిహేనేళ్ళ పాటు పొంగిపోతూనే ఉన్నాను.

మావాడికి లెక్కలు ఊపిరి పీల్చినంత సులువుగా వచ్చేవి. అమ్మాయికి అలా కాదు. ప్రతి లెక్కతోనూ కొట్లాడి, దాన్ని కింద పడేసి గానీ పైకి లేచేది కాదు. సాయంత్రాలు ఇద్దరూ డైనింగు టేబులు దగ్గర ఎదురెదురుగా కూర్చునేవాళ్ళు. వాడు చెప్పేవాడు, అది వినేది, మధ్యలో ఒకసారి ఏడ్చేది, కళ్ళు తుడుచుకుని మళ్ళీ మొదలుపెట్టేది. జూనియర్ కాలేజీలో వాడు లెక్కల్లోనూ ఫిజిక్సులోనూ ఆ పై మెట్టు పరీక్ష కూడా రాశాడు. మా అమ్మాయి జోలికి పోలేదు. ఉన్నవి దాటితే చాలంది. దాటింది. ఇద్దరికీ ఒకే యూనివర్సిటీలో, ఒకే ఇంజనీరింగు విభాగంలో సీటు వచ్చింది.

అక్కడితో దారులు వేరయ్యాయి. ఇక్కడ శాశ్వత నివాసం తీసుకున్న ఇళ్ళలో మగపిల్లాడు పద్దెనిమిది దాటాడంటే రెండేళ్ళు సైన్యంలో పని చేసి రావాలి. ఆడపిల్లలకి ఆ నియమం లేదు. కాబట్టి మా అమ్మాయి ఆగస్టులో కొత్త సంచి తగిలించుకుని కాలేజీకి వెళ్ళింది, మావాడు తల గొరిగించుకుని క్యాంపుకి వెళ్ళాడు. వాళ్ళ మధ్య ఉన్న తొమ్మిది నిమిషాలు కాస్తా రెండేళ్ళయ్యాయి. శుక్రవారం సాయంత్రాలు వాడు ఇంటికొస్తే నేను గుమ్మంలోనే ఆ ఆకుపచ్చ సంచీ అందుకుని నేరుగా వాషింగ్ మెషీన్ దగ్గరికి పరిగెత్తేదాన్ని. ఎండకి నల్లబడి, భుజాలు వెడల్పయి, చూడ్డానికి వేరే వాళ్ళ పిల్లాడిలా ఉండేవాడు. తుపాకీ పట్టుకుని అడవుల్లో తిరుగుతాడేమోనని నేను భయపడ్డాను గానీ, నాలుగు నెలల శిక్షణ తర్వాత వాణ్ణి సామాన్ల గదిలో వేశారు. పై మెట్టు లెక్కలు చదివిన కుర్రాడు దుప్పట్లూ, డేరాలూ, నీళ్ళ సీసాలూ లెక్కపెడుతూ మిగిలిన కాలమంతా గడిపాడు. "బాగా యూజ్ అవుతోందమ్మా నా మాత్స్" అని నవ్వేవాడు. ఆ నవ్వు మొదట్లో నిజంగానే ఉండేది, పోనుపోను తగ్గింది.

ఈలోపు అమ్మాయి, చెప్పడానికి ఎదురుగా మనిషి లేక, ముందు తల్లడిల్లిపోయింది. తర్వాత ఎవర్ని పడితే వాళ్ళని అడగడం నేర్చుకుంది. లెక్చరర్ల గదుల బయట పడిగాపులు కాసింది. రెండో ఏడు ముగిసేసరికి, మొదటి ఏడాది పిల్లలకి లెక్కల్లో సాయం చేసే విద్యార్థి ట్యూటర్లలో దాన్ని కూడా తీసుకున్నారు. ఆ కబురు చెప్పిన రోజు మావాడు ఇక్కడి పిల్లల యాసలో "కంగ్రాట్స్ లా" అని దాని వీపు మీద చరిచాడు. కొంచెం గట్టిగానే చరిచాడని నాకనిపించింది.

వాడి సైన్యం పని ఇంకో మూడు నెలల్లో ముగుస్తుందనగా వచ్చింది ఆ ఉత్తరం. మొదటి ఏడాది లెక్కలూ, ఫిజిక్సూ రెండింటికీ మినహాయింపు. రెండూ వాడుకుంటే ఆర్నెల్లు ముందుగా డిగ్రీ చేతికి రావచ్చునని కూడా అందులో ఉంది. అది చదివి మా ఆయన పొందిన ఆనందం నేను మా పెళ్ళిలో కూడా చూడలేదు. వెంటనే మనవాళ్ళ మిఠాయి కొట్లుండే టెక్కా దాకా వెళ్ళి కోవా బిళ్ళలు తెచ్చారు. "రెండేళ్ళు ఎలాగూ పోయాయి, ఆర్నెల్లన్నా వెనక్కి లాక్కో. తిన్న అన్నమే మళ్ళీ తింటారా ఎవరైనా?" అన్నారు. చద్దన్నం తినరూ, అన్నాను నేను. ఎవరూ వినిపించుకోలేదు.

అమ్మాయి మాత్రం కోవా బిళ్ళ ముట్టుకోలేదు. "ఫిజిక్స్ స్కిప్ చెయ్, ఓకే. మాత్స్ డోంట్ స్కిప్. సెకండియర్‌లో అన్నీ దాని మీదే. నువ్వు రెండేళ్ళుగా పెన్ను కూడా పట్టుకోలేదు" అంది. తప్పు మాట కాదు, కానీ చెప్పిన మనిషి వల్ల అది తప్పయింది. మావాడి మొహం ఎర్రబడింది. "నువ్వు నాకు టీచర్వా ఏంటి?" అన్నాడు. అన్నాక గానీ వాడికి తట్టలేదు, ఆగస్టులో ఆ కోర్సులో చేరితే నిజంగానే అది టీచరు అవుతుందని. ఇద్దరూ ఒకళ్ళ మొహం ఒకళ్ళు చూసుకున్నారు.

మర్నాడు శనివారం. అమ్మాయి పాత పరీక్ష పేపరు ఒకటి ప్రింటు తీసి టేబులు మీద పెట్టింది. "ఎనిమిదిలో మూడు చెయ్యి చాలు. ఇంక నేను నోరెత్తను" అని తన పని మీద బయటికి వెళ్ళిపోయింది. నేను వంటింట్లో దొండకాయలు తరుగుతూ ఓరగా చూస్తూనే ఉన్నాను. మొదటి పావుగంట వాడు కాళ్ళు ఊపుతూ కూర్చున్నాడు. తర్వాత కాళ్ళు ఆగాయి. రాసిందాన్ని కొట్టేశాడు, మళ్ళీ రాశాడు, కాయితం తిప్పాడు. మధ్యలో లేచి మంచినీళ్ళు తాగాడు, ఇంకాసేపటికి మళ్ళీ తాగాడు. ఇంట్లో ఎవరికైనా జ్వరమొస్తే నుదురు ముట్టి చూడొచ్చు, దీన్ని ఎక్కడ ముట్టి చూడాలో నాకు తెలియలేదు. గంట దాటాక ఆ కాయితం పట్టుకుని వాళ్ళ నాన్న దగ్గరికి వెళ్ళాడు. ఆయన సోఫాలో పేపరు చదువుకుంటున్నారు.

"నాన్నా, ఈ డిఫరెన్షియల్ ఈక్వేషన్ ఎలా స్టార్ట్ చెయ్యాలి? ఐ నో ఐ నో దిస్, కానీ రావట్లేదు."

మా ఆయన కాయితం అందుకున్నారు. కళ్ళజోడు తీసి తుడిచి, పెట్టుకున్నారు. కాయితాన్ని కొంచెం దూరం జరిపారు. తర్వాత దాన్ని జాగ్రత్తగా బల్ల మీద పెట్టి, "పెరుగు అయిపోయినట్టుంది, తెచ్చేస్తాను" అని చెప్పులేసుకుని వెళ్ళిపోయారు. ఫ్రిజ్‌లో రెండు పెరుగు డబ్బాలున్నాయి. ఆ సంగతి వాడికీ తెలుసు, ఎందుకంటే ఉదయం సర్దింది వాడే. వాడు తలుపు వైపు కాసేపు చూసి, నా దగ్గరికి వచ్చి ఇంగ్లీషులో నెమ్మదిగా అన్నాడు, నాన్నకి నన్ను చూస్తే సిగ్గుగా ఉందమ్మా, ఇంత సులువైనది కూడా రావట్లేదని. ఆ తర్వాత కాయితం మడిచి చెత్తబుట్టలో వేసి, రెండు మినహాయింపులూ వాడేసుకుంటాను, రెండు కోర్సులూ చదవను, ఇంక దీని గురించి ఎవరూ మాట్లాడొద్దు అన్నాడు. మళ్ళీ శుక్రవారం వచ్చేదాకా ఎవరూ మాట్లాడలేదు. మా ఆయన తెచ్చిన మూడో డబ్బాతో ఆ వారమంతా మా ఇంట్లో మజ్జిగ పులుసే.

ఆ వచ్చిన ఆదివారం మధ్యాహ్నం క్రాంజీ వైపు మొక్కల తోటలకి వెళ్ళాం, ముగ్గురం. మా కరివేపాకు మొక్క చచ్చిపోయింది. ఈ దేశంలో నా చేతిలో చచ్చిపోయిన మూడో మొక్క అది. అమ్మాయి ప్రాజెక్టు పని ఉందని రాలేదు. ఆ పక్క ఇళ్ళు తక్కువ, తోటలూ, పని చేసే కుర్రాళ్ళ డార్మిటరీలూ, మధ్యలో పొడుగాటి ఖాళీ రోడ్లూ. బస్సు అరగంటకొకటి. మేం మొక్క కొనుక్కుని బస్టాపుకి చేరేసరికి బస్సు వెనక దీపాలు కనిపించాయి, వెంటనే వాన అందుకుంది. ఇక్కడి వాన మన వానలా ముందు చెప్పి రాదు, ఒక్కసారిగా పడిపోతుంది. ముగ్గురం ఆ సన్నటి బెంచీ మీద సర్దుకుని కూర్చున్నాం. మొక్క నా ఒళ్ళో ఉంది. వాన చప్పుడుకి మాట్లాడాలంటే కొంచెం గట్టిగానే మాట్లాడాలి.

"ఒరేయ్, నాకు అసలు మొదటి సంవత్సరం లేదురా" అన్నారు మా ఆయన.

వాడు ఇయర్‌ఫోన్ తీసి "వాట్?" అన్నాడు.

ఆయన రోడ్డు వైపే చూస్తూ చెప్పారు. పాలిటెక్నిక్ డిప్లొమా చదివినవాళ్ళకి ప్రవేశపరీక్షలో మంచి ర్యాంకు వస్తే ఇంజనీరింగు రెండో ఏడాదిలోనే నేరుగా సీటిస్తారు. ఆయనకి అలాగే వచ్చింది. ఒక ఏడాది కలిసొచ్చిందని మా మామగారు వీధంతా పంచదార పంచారట. తీరా క్లాసులో కూర్చుంటే లెక్కల మాస్టారు బోర్డు మీద సగం రాసి, "ఇది మీరు పోయినేడు చేశారు కదా" అని మిగతా సగం తుడిచేసేవారట. అందరూ తల ఊపేవాళ్ళు. ఈయనా ఊపేవారట. అప్పటికే వాళ్ళంతా జట్లు కట్టేసుకుని ఉన్నారు. పక్కవాణ్ణి అడిగితే డిప్లొమా వాడికి ఏమీ రాదంటారని అడగలేదు. ఆ ఏడు లెక్కలు తప్పారు. మళ్ళీ రాసి మళ్ళీ తప్పారు. మూడోసారీ తప్పారు. నాలుగోసారి, ఏ లెక్క ఎందుకు చేస్తున్నారో తెలియకుండా ఐదు లెక్కలు బట్టీపట్టి గట్టెక్కారట.

"మొన్న నువ్విచ్చిన కాయితం నాకు అర్థం కాలేదు. అప్పుడూ అర్థం కాలేదు, ఇప్పుడూ కాలేదు. నీకు రాలేదని కాదురా నేను వెళ్ళిపోయింది. నాకు రాదని నీకు తెలిసిపోతుందని."

వాన పక్కకి కొట్టి మావాడి మోకాళ్ళు తడుస్తున్నాయి, జరగలేదు. తర్వాత, "మరి యార్డులో క్యాలిక్యులేషన్స్ వస్తే ఏం చేస్తారు?" అని అడిగాడు.

"మొదట్లో పక్క సీటు చైనా ఆయన్ని అడిగేవాణ్ణి. ఆయన రిటైరయ్యాక నా కింద చేరిన పిల్లల్ని పిలిచి, 'నువ్వొకసారి చేసి చూపించు, సరిగ్గా చేస్తావో లేదో చూస్తాను' అనేవాణ్ణి."

"నాన్నా!"

"అలా పరీక్షలు పెట్టీ పెట్టీ మేనేజర్నయ్యాను."

వాడు నవ్వడం మొదలుపెట్టాడు. మామూలుగా కాదు, బెంచీ ఊగేలా. ఆయనకీ నవ్వొచ్చింది. ఇద్దరి మధ్యా మొక్క పట్టుకుని కూర్చున్న నాకు మాత్రం నవ్వు వెంటనే రాలేదు. పెళ్ళిచూపులనాడు మధ్యవర్తి "కుర్రాడు లెక్కల్లో పులి" అన్న మాట నాకు అక్షరం పొల్లుపోకుండా గుర్తుంది. "నువ్వయితే ఓపిగ్గా చెప్తావు" అన్నది ఎందుకో కూడా అప్పుడు తెలిసింది. కోపం వచ్చింది. కానీ, క్లాసులో అందరితో పాటు తల ఊపుతున్న పంతొమ్మిదేళ్ళ కుర్రాడు, పక్కన ఒక్క స్నేహితుడూ లేనివాడు, నా కళ్ళ ముందు కూర్చుని ఉంటే ఆ కోపం ఎవరి మీద చూపించను? "మరి నన్ను అడగచ్చుగా" అన్నాను. "నువ్వప్పటికి ఏడో క్లాసే కదా" అన్నారు.

బస్సు వచ్చేముందు ఆయన ఇంకో మాట అన్నారు. "వాడుకోమనీ చెప్పను, వదులుకోమనీ చెప్పను. దూకినందుకు నేను చెడిపోలేదు. దూకిన చోట ఎవర్నీ అడగలేకపోయాను, అదే నాకు దెబ్బయింది. నువ్వు అడగగలవో లేదో చూసుకో."

మావాడు ఆ రోజు ఏమీ చెప్పకుండానే క్యాంపుకి వెళ్ళిపోయాడు. గడువు బుధవారం. మంగళవారం సాయంత్రం నేను రైల్లో ఉండగా మా నలుగురి గ్రూపులో మెసేజి వచ్చింది. ఫిజిక్స్ మినహాయింపు తీసుకున్నాను, మాత్స్ తీసుకోలేదు, మళ్ళీ చదువుతాను, కానీ అక్క పాఠం చెప్పే గ్రూపులో మాత్రం కూర్చోను. అమ్మాయి బొటనవేలు బొమ్మ ఒకటి పెట్టి ఊరుకుంది. తర్వాత ఇంటికొచ్చి నా భుజం మీద తల పెట్టి, ఫస్టియర్ అంతా తను ఎంత ఒంటరిగా ఉందో మొదటిసారి చెప్పింది. తమ్ముడు కూడా అలా అవుతాడని భయపడి అలా అన్నానని, తన పెద్దరికం చూపించుకుందామని కాదని. అది వాడికి చెప్పవే అన్నాను. చెప్పిందో లేదో నాకు తెలీదు. వాళ్ళిద్దరి మధ్యా ఏది ఎప్పుడు చేరుతుందో మొదటి నుంచీ నాకు తెలిసేది కాదు.

ఆ తర్వాత జరిగింది గొప్ప కథేమీ కాదు. వాడు మూడు వారాలు వేరే ట్యూటర్ దగ్గర కూర్చున్నాడు. ఆ అబ్బాయి చాలా తెలివైనవాడట, అందుకే ఎవరికీ అర్థమయ్యేది కాదట. నాలుగో వారం మా అమ్మాయి పాఠం చెప్పే గదిలో ఆఖరి వరసలో కూర్చుని చెయ్యెత్తాడు. "యెస్, ది బాయ్ ఎట్ ది బ్యాక్" అందట ఇది, ఎవరో తెలియనట్టు. సెమిస్టరు చివర వాడికి వచ్చింది బి ప్లస్. ఏడాది తర్వాత, దాటేసిన ఫిజిక్సు వల్ల ఒక కోర్సులో నెలరోజులు ఇబ్బంది పడ్డాడు కూడా. అప్పుడు నేరుగా లెక్చరరు గదికి వెళ్ళి, నేనిది చదవలేదు, మినహాయింపు తీసుకున్నాను, నాకు మొదటి నుంచి చెప్పండి అని అడిగాడట. కాబట్టి ఏది సరైనదని ఎవరైనా అడిగితే నేను చెప్పలేను. ఆర్నెల్లూ కలిసిరాలేదు, అందరితో పాటే ముగించాడు. ఇప్పుడు ఉద్యోగం చేసుకుంటున్నాడు, బాగానే ఉన్నాడు.

నాకు ఎక్కువగా గుర్తొచ్చేది ఆ మొదటి సెమిస్టరులో ఒక గురువారం. ఆఫీసు నుంచి వచ్చి తలుపు తీసేసరికి డైనింగు టేబులు దగ్గర ముగ్గురున్నారు. మావాడి పక్కన మా ఆయన, యార్డు చొక్కా కూడా మార్చుకోకుండా, కొత్త నోటుపుస్తకం తెరుచుకుని కూర్చున్నారు. ఎదురుగా అమ్మాయి. "నాన్నా, ఆన్సర్ కాదు, షో యువర్ వర్కింగ్" అంటోంది. ఆయన చెవి వెనక పెన్సిలు. అది చెప్పింది రెండుసార్లు విని, మూడోసారి "అర్థం కాలేదమ్మా" అన్నారు. ఆ మాట అనడానికి ఆయనకి ముప్ఫై ఏళ్ళ పైనే పట్టిందని పిల్లలిద్దరికీ తట్టినట్టు లేదు. అది మళ్ళీ మొదలుపెట్టింది. నేను అన్నానికి కుక్కరు పెట్టి, చప్పుడు కాకుండా విజిలు వచ్చే మార్గం ఏదైనా ఉంటే బాగుండునని అనుకున్నాను.

అలా వారానికి రెండు రోజులు, ఆ సెమిస్టరంతా. చివర్లో అమ్మాయి ఒక పాత పేపరు ఇచ్చి, శనివారం ఉదయం మూడు గంటలు టైము పెట్టి రాయించింది. ఆయన మధ్యలో కాఫీ అడిగితే ఇవ్వనివ్వలేదు. దిద్దింది. వందకి అరవై ఒకటి. ఎవరికీ చెప్పొద్దన్నారు, సోమవారం కంపెనీ బస్సులో తనే అందరికీ చెప్పేశారు.

ఏళ్ళన్నీ వరసగా వస్తాయనుకుంటాం, తప్పిపోయింది ఇక తప్పిపోయినట్టేననుకుంటాం. మా ఆయన పంతొమ్మిదో ఏట రావలసిన ఏడాది యాభై దాటాక వచ్చింది, వచ్చేసరికి ఆయన ఇంట్లోనే ఉన్నారు, అంతకన్నా కాలాన్ని ఏం అడుగుతాం.